కొండకోటను కాపాడిన వాననీరు

క్రీస్తుపూర్వం 12వ శతాబ్దపు తొలిభాగంలో సముద్రం మీదుగా వచ్చిన కొన్ని జాతులు ఈజిప్టు మీద దండెత్తాయి. అప్పటి రాజు మూడవ రామెసెస్ నైలునది ముఖద్వారాలను యుద్ధనౌకలతో మూయించి, ఒడ్డున విలుకాండ్రను నిలిపాడు. ఆ పోరాటం మెదీనెత్ హాబు దేవాలయపు గోడలమీద శిల్పాలుగా నేటికీ కనబడుతుంది. శత్రువును తనకు అనుకూలమైన చోట ఎదుర్కొనడమే ఆయన ఉపాయం.

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతాలకు సముద్రభయం లేదు. శత్రువు ఎప్పుడు వచ్చినా నేలమీదనే రావాలి. ఈజిప్టుకు నది ఎటువంటిదో, ఈ మెట్టసీమకు గుట్ట అటువంటిది. కాని ఒక భేదమున్నది. ఈజిప్టు సేనకు నీరు కాళ్లముందే ఉండేది. గుట్టమీది సేనకు నీటిని సంపాదించుకొనడమే మొదటి సమస్య.

ఈ గుట్టలు గ్రానైటు శిలలు. భూగర్భంలో కరగిన పదార్థం సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం చల్లబడి గట్టిపడగా ఇవి ఏర్పడ్డాయి. పైనున్న పొరలు క్రమంగా కొట్టుకొనిపోగా శిలమీది బరువు తగ్గి, అది కొంత వ్యాకోచించింది. అందువల్ల ఉల్లిపొరల వలె పలకలు పలకలుగా ఊడి, నున్నని గుండ్రని గుట్టగా మిగిలింది. అటువంటి నిట్రపు శిలమీదికి గుంపుగా ఎక్కడం కష్టం. గోడ కట్టవలసింది కూడా ఎక్కుటకు వీలున్న చోట్ల మాత్రమే.

భువనగిరి దుర్గం ఇందుకు మంచి ఉదాహరణ. 2016లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది నల్లగొండ జిల్లాలోనిదే. చాళుక్యరాజైన త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) దీనిని కట్టించాడంటారు. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఒకే శిలమీద, దాదాపు 40 ఎకరాల మేర ఈ కోట ఉన్నది. 14వ శతాబ్దంలో రేచెర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండలను ఇటువంటి గుట్టల నడుమనే రాజధానులుగా చేసుకొన్నారు. మహబూబ్‌నగరు జిల్లాలోని కోయిలకొండ కూడా గిరిదుర్గమే.

ఎక్కలేని కోటను శత్రువు ఏమి చేస్తాడు? చుట్టూ విడిది చేసి, దారులు మూసి, లోపలివారికి దాహం వేసేదాకా వేచి ఉంటాడు. గ్రానైటులో నీరు పగుళ్లలో తప్ప ఇమడదు. గుట్టకొనమీద బావి త్రవ్వినా ఊట దొరకడం అరుదు. అయితే నీరు ఇంకనీయని ఆ గుణమే మరొక విధంగా ఉపకరించింది. వట్టి బండమీద పడిన వాన చాలావరకు దిగువకు పారుతుంది. పల్లంలో సహజంగా ఏర్పడిన దొనలకు కట్టలు కట్టి, ఆ నీటిని నిలువచేశారు.

దీనిని లెక్కకట్టి చూడవచ్చు. ఒక సెంటీమీటరు వాన కురిస్తే ఎకరానికి సుమారు 40,000 లీటర్ల నీరు పడుతుంది. 40 ఎకరాలకు అది 16 లక్షల లీటర్లు. అందులో నాలుగవవంతే దొనలకు చేరినా 4 లక్షల లీటర్లు. త్రాగుటకు, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు చొప్పున, వెయ్యిమందికి 80 రోజులు సరిపోతుంది. ఒక్క మంచి వాన రెండున్నర నెలల బలమన్నమాట!

ఈ నీటికీ శత్రువులున్నారు. వేసవి ఎండకు వెడల్పైన, లోతులేని దొన త్వరగా ఎండిపోతుంది. ఇరుకైన, లోతైన గుండంలో ఆవిరయ్యే ఉపరితలం తక్కువ గనుక నీరు ఎక్కువకాలం నిలుస్తుంది. పూడిక తీయకపోతే నిలువ తగ్గుతుంది. కనుక కోట రక్షణలో కత్తి పట్టినవానితోపాటు పార పట్టినవానికీ పాలున్నది.

ముట్టడులు పోయినా ఈ పాఠం పాతబడలేదు. గ్రానైటులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిను ఉన్నది. భూమిలో చాలాకాలం శిలను ఒరసికొని నిలిచిన నీరు దానిని కరగించుకొంటుంది. నల్లగొండ పల్లెలలో ఎందరి పళ్లనో గారపట్టించి, ఎముకలను వంచినది ఈ ఫ్లోరైడే. బండమీద పడి వెంటనే తొట్టికి చేరిన వాననీటికి దానిని కరగించుకొనే వ్యవధి ఉండదు. శిల ఒకటే; నీరు దానిమీద పారిందా, దానిలో నానిందా అన్నదే భేదం.

విద్యార్థులు తమ పాఠశాల కప్పు పొడవు వెడల్పులను మీటర్లలో కొలిచి, ఒక సెంటీమీటరు వానకు ఎన్ని లీటర్లు పడుతుందో పై విధంగా లెక్కకట్టవచ్చును. చదరపు మీటరుకు 10 లీటర్లని గుర్తుంచుకొంటే చాలు. ఆ నీరు ఎక్కడికి పోతున్నదో కూడా చూచి రావలెను.