మీకు తెలుసా? ఎనభైలోనూ జంతికలు నమలొచ్చు!

● పళ్ళు ఊడటానికి వయసొక్కటే కారణం కాదు. చాలావరకు పిప్పిపళ్ళు, చిగుళ్ళ జబ్బులే కారణం. రెండింటినీ నివారించుకోవచ్చు.

● 80 ఏళ్ళకు 20 సొంత పళ్ళు మిగలాలంటూ జపాన్ 1989లో '8020' ఉద్యమం మొదలుపెట్టింది. 20 పళ్ళుంటే దాదాపు అన్నీ తినొచ్చు. పళ్ళు పోయినవాళ్ళు వేరుశనగలు, జొన్నరొట్టె, మాంసం మానేసి మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటారు. మాంసకృత్తులు, పీచు తగ్గి ఒంట్లో సత్తువ పోతుంది.

● షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి. చిగుళ్ళు చెడితే షుగరు అదుపులోకి రావడం కష్టం.

● కొన్ని బీపీ మాత్రలతో నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చుతాయి. మాత్రలు మానకండి, డాక్టరుకు చెప్పండి.

● కచిక, బొగ్గుపొడి, ఇటుకపొడితో గట్టిగా తోమితే పంటిపై ఎనామిల్ అరిగిపోతుంది. అది మళ్ళీ పెరగదు. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి.

● కట్టుడుపళ్ళ సెట్టు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి.

చందర్లపాడు వైపువాళ్ళు నందిగామ మీదుగా విజయవాడ వెళితే అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చినా, పన్ను కదిలినా, నోట్లో పుండు రెండు వారాలకు మానకపోయినా పత్తి తీతలు, మిరప కోతలు అయ్యాక చూద్దాంలే అనుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళను వెంటనే చూపించండి.