పాల దవడ పళ్లు పుచ్చాయా? ఊడేవే కదా అని వదిలేయొద్దు!

కరీంనగర్: "పాల పళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి".. చాలా ఇళ్లలో ఇదే మాట. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ దవడ పళ్లు 9 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. నాలుగేళ్లకే పుచ్చితే ఎలా?

బ్రిటన్‌లో 3 నుంచి 7 ఏళ్ల పిల్లలు 1,144 మందిపై దీన్నే పరీక్షించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. పుచ్చు తీసి ఫిల్లింగ్ చేసిన వాళ్లలో 42 శాతం, పుచ్చు పూర్తిగా తీయకుండా మూసేసిన వాళ్లలో 40 శాతం, బ్రషింగ్, ఫ్లోరైడ్, తిండి జాగ్రత్తలతోనే సరిపెట్టిన వాళ్లలో 45 శాతం మందికి నొప్పో, ఇన్ఫెక్షనో వచ్చింది. అంటే పెద్ద తేడా లేదు. ఏది చేసినా పది మందిలో నలుగురికి బాధ తప్పలేదు. అసలు పుచ్చకుండా చూసుకోవడమే నయమన్నమాట.

మూసేయడంలో ముఖ్యమైంది హాల్ పద్ధతి. ఇంజెక్షన్, డ్రిల్లింగ్ లేకుండా స్టీల్ క్యాప్ తొడుగుతారు. లోపలి క్రిములకు తిండి అందక పుచ్చు ఆగుతుంది. చొప్పదండి నుంచో, గంగాధర నుంచో కూలి వదులుకుని బస్సెక్కే తల్లికి, డ్రిల్ చూస్తేనే ఏడ్చే పిల్లాడికి ఇది మేలు. పన్ను వెండిలా మెరుస్తుంది, అంతే.

కుర్చీలో కూర్చోనే కూర్చోని పిల్లలకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పూస్తారు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, గుంత మాత్రం పూడదు.

రాత్రిళ్లు నొప్పితో లేస్తున్నా, చిగురుపై చీము పొక్కు కనిపించినా ఇవేవీ పనికిరావు. పుచ్చు నరం దాకా పోయినట్టే. అప్పుడు నరానికి ట్రీట్‌మెంట్, లేదంటే పీకించడమే. బుగ్గ వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.