ఖాళీ భూమి ఎవరిది?

మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లు దక్షిణ కొరియా దేవూ కంపెనీకి 99 ఏళ్ల కౌలుకు పోతున్నాయని 2008 నవంబరులో బయటపెట్టింది ఒక లండన్ పత్రిక. జనం భగ్గుమన్నారు. ఇతర కోపాలూ తోడై 2009 మార్చిలో ప్రభుత్వమే కూలింది, ఒప్పందం రద్దయింది.

అందుకే ఆఫ్రికా విలేకర్లకు భూమి హక్కులపై శిక్షణ ఇస్తున్నారంటే మాకు సంతోషమే. కానీ ఏం నేర్పుతున్నారు? అక్కడ చాలా భూమికి పట్టా లేదు. ఊరి ఆనవాయితీయే హక్కు. కాగితం మాత్రమే చూసే విలేకరికి అదంతా 'ఖాళీ భూమి'. పశువుల మేత, వంటకట్టెలు, మొగుడు పోయిన ఆడమనిషి దున్నుకునే చెక్క ఏ దస్తావేజులోనూ కనపడవు. ఊళ్లోకెళ్లి, ముందు ఆమెనే అడగాలి.

ఇంకోమాట. 2010లో ఇథియోపియా గాంబెల్లాలో లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకున్నది బెంగుళూరు కంపెనీ. ఆ కౌలు కాగితాలు చూపమని కంపెనీ గడప తొక్కి అడగవలసింది మన విలేకర్లే.