పరుగు పుస్తకంలో మూడు వరుసలు

ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కుకి వెళ్లినవాళ్లకు రెండు దృశ్యాలు కనిపిస్తాయి. మొదటిది పరుగు. వాహనాలు ఆపేసిన రోడ్ల మీద, చెట్ల నీడలో చిన్నా పెద్దా పరిగెత్తుతుంటారు. రెండోది పరుగు ముగిశాక. చెమటతో తడిసిన బనియన్లతో బెంచీల మీదా, గడ్డి మీదా గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటుంటారు. "మూడో కిలోమీటరుకే కాళ్లు బరువెక్కాయి." "రాత్రి పెళ్లి భోజనం, ఇవాళ కడుపు కదలనివ్వలేదు." "ఆరు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాను, ఇదే మొదటిసారి." కన్నడం, తెలుగు, తమిళం, హిందీ... భాష ఏదైనా సంగతి ఒక్కటే.

వీళ్లెవరూ పతకాల కోసం పరిగెత్తేవాళ్లు కాదు. బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, గృహిణులు, రిటైరైనవాళ్లు. ఔత్సాహిక రన్నర్లు. ఏటా వేసవిలో జరిగే బెంగళూరు పది కిలోమీటర్ల పరుగులో వేల మంది పాల్గొంటే గెలిచేది ఒకరే. మిగతా అందరికీ అది తెలుసు. అయినా రోజూ పరిగెత్తుతారు, పరిగెత్తింది రోజూ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎందుకు?

పెద్ద క్రీడాకారుడికి శిక్షకుడు ఉంటాడు, వైద్యుడు ఉంటాడు, ఏం తినాలో చెప్పేవాళ్లు ఉంటారు. మామూలు రన్నరుకి వీళ్లెవరూ ఉండరు. పక్కన పరిగెత్తే మనిషి అనుభవమే అతనికి శిక్షకుడు. అందుకే పరుగు తర్వాతి ఆ కబుర్లు కాలక్షేపం కాదు, సాధనలో సగం. ఈ సంగతి బడిపిల్లలకూ పనికొస్తుంది. ముఖ్యంగా మైదానం లేని మన కాటన్‌పేట లాంటి చోట.

ఒక వ్యాసం నుంచి పుట్టిన మారథాన్

అనుభవం చెప్పుకోవడానికి ఎంత బలం ఉందో తెలియాలంటే ఇంగ్లండ్‌కి చెందిన క్రిస్ బ్రాషర్ సంగతి తెలుసుకోవాలి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి చరిత్రలో తొలిసారి నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తాడు. అతని సమయం 3 నిమిషాల 59.4 సెకన్లు. ఆ పరుగులో అతని ముందు నడిచి వేగం నిలబెట్టిన ఇద్దరు స్నేహితుల్లో బ్రాషర్ ఒకడు. రెండేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచాడు.

ఆ స్వర్ణం వచ్చిన 23 ఏళ్లకు, 1979లో, బ్రాషర్ న్యూయార్క్ మారథాన్‌లో వేలాది మామూలు మనుషుల మధ్య పరిగెత్తాడు. దారి పొడవునా నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్లను పేరు పేరునా ఉత్సాహపరిచిన జనాన్ని చూశాడు. ఇంటికెళ్లి ఆ అనుభవాన్ని పత్రికలో వ్యాసంగా రాశాడు. ఇలాంటి పండుగ మన లండన్‌లో జరగదా అని అందులో అడిగాడు. ఆ ప్రశ్నే పనిగా మారింది. 1981 మార్చి 29న తొలి లండన్ మారథాన్ జరిగింది. ఆరు వేల మందికి పైగా గమ్యం చేరారు. ముందు వచ్చిన ఇద్దరు, అమెరికాకు చెందిన డిక్ బియర్డ్‌స్లీ, నార్వేకు చెందిన ఇంగే సిమోన్సెన్, చేతులు పట్టుకుని కలిసి గీత దాటారు. ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద మారథాన్లలో అదొకటి. దాని పునాదిలో ఉన్నది ఒక రన్నర్ రాసిన కొన్ని పేజీలు.

ఇంకో ఉదాహరణ. 2004 అక్టోబర్ 2న లండన్ దగ్గర బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ అనే రన్నర్ ఐదు కిలోమీటర్ల పరుగు ఏర్పాటు చేశాడు. వచ్చినవాళ్లు 13 మంది. గాయం వల్ల తను పరిగెత్తలేని రోజులవి. స్నేహితులకు దూరం కాకూడదని వారం వారం వాళ్లను పిలిచి, పరిగెత్తించి, తర్వాత కాఫీ తాగుతూ కూర్చునేవాడు. రుసుము లేదు, బహుమతి లేదు. ఆ 13 మంది కలయికే 'పార్క్‌రన్' పేరుతో ఎన్నో దేశాలకు పాకింది. పరిగెత్తలేని మనిషి కూడా పరుగు గురించి మాట్లాడుకునే చోటు కావాలనుకున్నాడు. ఆ ఉద్యమానికి అదే మొదలు.

ఊరు మారితే పరుగు మారుతుంది

రేసు అనుభవాలు పంచుకోవడం వల్ల కలిగే లాభం మన ఊళ్లలోనే కనిపిస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున్నే చల్లగా ఉంటుంది. ఇక్కడ హాయిగా పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లు విశాఖ సముద్రతీరంలో అదే వేగంతో మొదలుపెడితే సగం దారిలోనే డీలా పడిపోవచ్చు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె ఎక్కువ కష్టపడాలి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు పిక్కల పని పడతాయి. శ్రీరంగపట్నం దగ్గర జరిగే కావేరి ట్రయల్ మారథాన్‌లో తారు రోడ్డు కాదు, కాల్వ గట్టు మీది మట్టి బాట.

పాఠ్యపుస్తకంలో వాతావరణం పాఠం చదివితే తేమ అంటే ఏమిటో తెలుస్తుంది. "విశాఖలో ఎనిమిదో కిలోమీటరు నుంచి నడిచాను, ఇక్కడి వేగం అక్కడ పనికిరాలేదు" అని ఒకరు చెబితే, ఆ తేమ మన ఒంటిని ఏం చేస్తుందో తెలుస్తుంది. విన్నవాళ్లు వచ్చే ఏడాది నెమ్మదిగా మొదలుపెడతారు. ఒకరి ఓటమి పదిమందికి పాఠం కావాలంటే ఆ ఒకరు నోరు విప్పాలి.

రోజూ ఏం రాయాలి?

చెప్పుకోవడం కంటే రాసుకోవడం ఇంకా మేలు. చాలామంది రన్నర్లు రోజూ ఓ పుస్తకంలో రాసుకుంటారు. పిల్లలకు మూడు వరుసలు చాలు. మొదటి వరుసలో ఎంత దూరం, ఎంతసేపు. రెండో వరుసలో ఒళ్లు ఎలా ఉంది. మూడో వరుసలో ఆ రోజు ప్రత్యేకం ఏమిటి: నిద్ర, తిండి, ఎండ, వాన, చెప్పులు, మనసు.

మొదటి వరుసలో లెక్కల పాఠం ఉంది. ఐదు కిలోమీటర్లకు 35 నిమిషాలు పడితే కిలోమీటరుకి 7 నిమిషాలు. అదే వేగం నిలిస్తే పది కిలోమీటర్లకు 70 నిమిషాలు. నిలవకపోతే ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది? లెక్క తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది.

మూడో వరుస విలువ నెల తర్వాత తెలుస్తుంది. మోకాలి కింద ఎముక వెంట నొప్పి మొదలైందనుకోండి. పేజీలు వెనక్కి తిప్పితే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దూరం ఒక్కసారిగా రెట్టింపు చేసిన వారమో, అరిగిన బూట్లతో సిమెంటు మీద పరిగెత్తిన రోజులో కనిపిస్తాయి. జ్ఞాపకం అంత నమ్మకంగా చెప్పలేదు.

రెండో వరుసే అన్నిటికంటే కష్టం. పిల్లల్ని అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు: "పెయిన్ సార్." ఎలాంటి పెయిన్? అక్కడ ఆగిపోతారు. మన తెలుగులో ఎన్ని మాటలు! కత్తితో పొడిచినట్టుంటే పోటు. ఆగకుండా లోపల లాగుతుంటే సలుపు. చర్మం రేగితే మంట. పిక్క రాయిలా బిగిస్తే పట్టేయడం. స్పర్శ తెలియకపోతే తిమ్మిరి. పక్కటెముకల కింద పొడిస్తే గుచ్చు. ఇవి అలంకారం కోసం పుట్టిన మాటలు కావు. పొలం పని, మగ్గం పని, మూటల పని చేసిన ఒళ్లు తమ కష్టాన్ని చెప్పుకోవడానికి పుట్టించుకున్నవి.

మా తరగతిలో ఓ అబ్బాయి పది రోజులు "కాలు నొప్పి" అనే రాశాడు. ఏ మాట సరిపోతుందో వెతుక్కోమంటే పదకొండో రోజు ఇలా రాశాడు: "మడమ వెనక పోటు. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే ఎక్కువ. నడిచాక తగ్గుతుంది." ఆ మూడు వాక్యాలు వాళ్లమ్మ డాక్టరుకి చూపించింది. ఎదిగే వయసు పిల్లల్లో మడమ వెనక నొప్పి తరచూ వస్తుందని, కొన్నాళ్లు పరుగు ఆపితే తగ్గుతుందని డాక్టరు చెప్పారు. సరైన మాట దొరికితేనే సరైన విశ్రాంతి దొరికింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పరీక్షలో ఇంగ్లిషు మధ్య తిరిగే మన పిల్లలకు సొంత ఒంటి బాధ చెప్పుకునే మాటలే కరవైతే ఎలా?

గొప్పలు వేరు, అనుభవం వేరు

చెప్పుకోవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఫోన్లలో దూరం, వేగం కొలిచే యాప్‌లు వచ్చాక చాలామంది అంకెలు మాత్రమే పంచుకుంటున్నారు. బాగా పరిగెత్తిన రోజు ఫొటో పెడతారు, మధ్యలో కూర్చుండిపోయిన రోజు మౌనంగా ఉంటారు. చూసేవాళ్లకు లోకమంతా రోజూ పరిగెత్తుతోందని, తామే వెనకబడ్డామని అనిపిస్తుంది. పోటీ పడి, జ్వరంలోనూ పరిగెత్తేవాళ్లున్నారు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో ఒళ్లు జలదరించడం వస్తే వెంటనే ఆగాలి, సాయం అడగాలి. "ఇవాళ ఆగిపోయాను" అని ధైర్యంగా రాసేవాడు తోటివాళ్లకు మేలు చేస్తాడు. ఆగడం తప్పు కాదని వాళ్లకూ తెలుస్తుంది.

మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిపోయిందని అర్థం. పూర్తి వాక్యం చెప్పలేకపోతే తగ్గించాలి. ఈ చిన్న పరీక్షకు ఫోను అక్కర్లేదు, పక్కన స్నేహితుడు ఉంటే చాలు. ఫోను వాడే పెద్ద పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఏ దారిలో ఏ వేళకు పరిగెత్తుతారో అందరికీ కనిపించేలా పెట్టకూడదు. ఆ వివరం ఇంట్లోవాళ్లకు, నమ్మకమైన తోటి రన్నర్లకు తెలిస్తే చాలు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో ఆడవాళ్లకు చోటు లేని రోజుల్లో, 1966లో బాబీ గిబ్ పొదల వెనక దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి పూర్తి చేసింది. మరుసటి ఏడాది కేథరిన్ స్విట్జర్ నంబరు కట్టుకుని పరిగెత్తుతుంటే ఓ నిర్వాహకుడు దారిలోనే పట్టి లాగబోయాడు. ఆమె ఆగలేదు. ఆ కథ ఊరూరా చెప్పింది. 1972లో ఆ పోటీ ఆడవాళ్లను అధికారికంగా చేర్చుకుంది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో మొదలైంది. ఇవాళ మన ఊళ్లో తెల్లవారుజామున పరిగెత్తే ఆడవాళ్లు ఏ వీధిలో దీపం వెలగదో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, ఎవరు ఎవరితో కలిసి వెళ్లాలో చెప్పుకుంటారు. వాళ్లకు ఆ కబురు వేగం కంటే ముఖ్యం.

ఇరుకు వీధుల్లో చోటెక్కడ?

కాటన్‌పేటలో పరుగా అని ఎవరైనా నవ్వుతారు. పొద్దెక్కితే మెయిన్ రోడ్డు మీద సరుకు ఆటోలు, మూటలు, తోపుడు బండ్లు. నడవడానికే చోటుండదు. కానీ ఈ పేటకు ఒంటి సాధన కొత్త కాదు. పాత పేటల్లో కుస్తీ నేర్పే గరిడీలు ఉండేవి. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఇరుకు వీధులన్నీ దాటుకుని ఇక్కడి తవక్కల్ మస్తాన్ దర్గాకు వస్తుంది. తల మీద కరగతో రాత్రంతా నడవడానికి ఎంత దమ్ము, ఎన్నాళ్ల నిష్ఠ కావాలో చూసినవాళ్లకు తెలుసు.

చోటు చిన్నదైతే కొలత మారుద్దాం. బడి ఆవరణ చుట్టూ టేపుతో కొలవండి. చుట్టుకొలత 80 మీటర్లు ఉంటే ఐదు చుట్లు తిరిగితే 400 మీటర్లు, అంటే పెద్ద స్టేడియంలో ఒక చుట్టు. పన్నెండున్నర చుట్లకు కిలోమీటరు. మలుపు దగ్గర జారకుండా ప్రతి ఐదు చుట్లకు దిశ మార్చండి. నెలకో ఆదివారం పెద్దవాళ్ల తోడుతో మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ కబ్బన్ పార్కు. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. దానికి సాధారణంగా 18 ఏళ్లు నిండాలి. పిల్లలకు తొందర లేదు. తాతయ్యలకూ ఆలస్యం కాలేదు. పంజాబ్‌లో పుట్టిన ఫౌజా సింగ్ తొలి మారథాన్ పరిగెత్తింది 2000లో, లండన్‌లో, 89 ఏళ్ల వయసులో.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వారానికి మూడు రోజులు పది నిమిషాల పరుగు, తర్వాత ఐదు నిమిషాలు మూడు వరుసల రాత. శుక్రవారం నలుగురు పిల్లలు తమ పేజీ చదవాలి. ముందొచ్చినవాళ్లే కాదు, చివర వచ్చినవాళ్లూ, ఆగిపోయినవాళ్లూ చదవాలి. మార్కులు వేయకండి, ఎర్ర ఇంకు వాడకండి. అక్షరదోషాలు మరో పీరియడ్‌లో దిద్దుకోవచ్చు. ఒక పిల్లవాడు "ఇవాళ నాకు పరిగెత్తబుద్ధి కాలేదు, ఎందుకంటే..." అని మొదలుపెట్టి నిజం చదివితే, వెనక బెంచీలో ఇంకో పిల్లవాడు తల ఎత్తి వింటాడు. మరుసటి రోజు వాళ్లిద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టండి.