వీకెండ్‌లో పగిలిన రెయిన్‌బో: ఫోన్ సంతకం వెనకున్న లెక్క ఎంత గట్టిది?

ఫోన్‌కి అప్‌డేట్ వస్తే, అది నిజంగా కంపెనీ పంపిందేనా అని ఫోన్ డిజిటల్ సిగ్నేచర్‌తో చెక్ చేసుకుంటుంది. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఇప్పటి ఆర్‌ఎస్‌ఏ, ఈసీసీ సంతకాల్ని ఫోర్జరీ చేయొచ్చు. వాటి స్థానం కోసం పోటీపడుతున్న వాటిలో నాకు బాగా నచ్చింది, భయపెట్టేదీ మల్టీవేరియేట్ క్రిప్టోగ్రఫీ.

అసలు కిటుకేంటి?

తేలిగ్గా సాల్వ్ అయ్యే సమీకరణాల్ని రహస్యంగా కలగలిపి పబ్లిక్ కీగా బయటపెడతారు. ఉదాహరణకి 'ఎక్స్ × వై' తీసుకోండి. ఎక్స్ ఉన్నచోట (ఎక్స్ + వై), వై ఉన్నచోట (ఎక్స్ − వై) పెడితే 'ఎక్స్² − వై²' వస్తుంది. బహుపది అదే, వేషం మారిందంతే. ఆ వేషం వెనకున్న మార్పిడిని కనిపెట్టడమే పాలినామియల్ ఈక్వివలెన్స్ సమస్య. జాక్ పటారిన్ 1996లో దీన్ని క్రిప్టోగ్రఫీలోకి తెచ్చారు.

ఎంత కష్టం?

రెండో డిగ్రీ బహుపది ఒక్కటే ఉంటే తేలికే. మూడో డిగ్రీ నుంచి కథ మారుతుంది. నేను బండి మీద తిరిగే మేడ్చల్, షామీర్‌పేట జంక్షన్లని కాగితం మీద చుక్కలుగా, రోడ్లని గీతలుగా గీశాననుకోండి. పేర్లు చెరిపేసి, చుక్కల్ని చెల్లాచెదురు చేసి ఇంకోటి గీస్తే, రెండూ ఒకే మ్యాపా? ఇదే గ్రాఫ్ ఐసోమార్ఫిజం. మూడో డిగ్రీ ఈక్వివలెన్స్‌కి వేగమైన పద్ధతి దొరికితే ఇదీ తేలిపోతుందని 2006లో మణీంద్ర అగ్రవాల్, నితిన్ సక్సేనా చూపించారు. అంటే ఇది కనీసం దానంత కష్టం.

కానీ సమస్య మొత్తంగా కష్టం కావడం వేరు, మీ ఫోన్‌లోని కీ గట్టిగా ఉండడం వేరు.

రెయిన్‌బోకి ఏమైంది?

2005లో వచ్చిన రెయిన్‌బో 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పోటీలో ఫైనల్‌కి చేరింది. 2022లో వార్డ్ బ్యూలెన్స్ దాని మొదటి లెవెల్ సీక్రెట్ కీని మామూలు ల్యాప్‌టాప్ మీద సగటున 53 గంటల్లో బయటికి లాగారు. సూపర్ కంప్యూటర్ లేదు, క్వాంటమ్ లేదు! సమస్యనంతా సాల్వ్ చేయాల్సిన పనే పడలేదు. సామర్థ్యం కోసం పెట్టుకున్న పొరల నిర్మాణమే దొంగదారైంది.

నా వెర్డిక్ట్

పొరల్లేని అన్న యూఓవీ 1999 నుంచి నిలబడే ఉంది. 2024 అక్టోబర్‌లో నిస్ట్ అదనపు సంతకాల పోటీలో రెండో రౌండ్‌కీ వెళ్లింది. మొదటి లెవెల్‌లో సంతకం 96 బైట్ల దాకా తగ్గుతుంది. ఇప్పటికే ప్రమాణమైన ఎంఎల్-డీఎస్‌ఏకి కనీసం 2,420 బైట్లు కావాలి. మైనస్ ఏంటంటే, యూఓవీ పబ్లిక్ కీ కుదించినా 43 కేబీ దాటుతుంది. కాబట్టి ప్రస్తుతానికి ఎంఎల్-డీఎస్‌ఏ వాడండి, యూఓవీ మీద కన్నేసి ఉంచండి.

షామీర్‌పేట వైపు బిట్స్ పిలానీ క్యాంపస్‌లోనో, మేడ్చల్ ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదువుతున్నారా? సేజ్‌మ్యాథ్ ఫ్రీ. నాలుగు వేరియబుల్స్‌తో వేషం వేసి, ఫ్రెండ్‌ని విప్పమనండి. రెయిన్‌బోని పగలగొట్టింది కూడా ల్యాప్‌టాపే కదా!