స్టీలుకు ఉప్పు గండం

మన ఇళ్లలో ఆవకాయను జాడీలో పెడతారు గాని స్టీలు డబ్బాలో పెట్టరు. ఉప్పు పోసి ఉంచిన స్టీలు గిన్నె అడుగున నల్లని చుక్కలు, కొంతకాలానికి సూదిమొనంత రంధ్రాలు పడటం చాలామంది చూసే ఉంటారు. పేరేమో మరక పడని ఉక్కు! మరి ఈ రంధ్రాలు ఎక్కడివి? కర్మాగారాల్లో లక్షలు పోసి ట్యాంకులు, పైపులు కొనే ఇంజనీర్లను వేధించేదీ ఇదే ప్రశ్న.

ఇనుములో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. ఈ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద పలుచని ఆక్సైడు పొరను కప్పుతుంది. పొర మందం రెండు మూడు నానోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలన్నమాట. గీత పడినా, ఆక్సిజన్ అందితే చాలు, పొర తనంతట తానే పూడుకుంటుంది. తుప్పును ఆపే శక్తంతా ఈ కనిపించని పొరదే.

దీనికి పరమ శత్రువు ఉప్పులోని క్లోరైడు అయాన్. పొర బలహీనంగా ఉన్నచోట అది చొరబడి చిన్న గుంట చేస్తుంది. గుంటలో ఆక్సిజన్ త్వరలోనే అయిపోతుంది. కరిగిన లోహపు అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. వాటి ధనావేశం బయటి నుంచి మరిన్ని క్లోరైడు అయాన్లను లోపలికి లాగుతుంది. ఇలా గుంట తనను తానే పెంచుకుంటుంది, చుట్టూ ఉన్న లోహం మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. మైల్డ్ స్టీలు ట్యాంకు ఒళ్లంతా తుప్పు పట్టి ముందే హెచ్చరిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఆ మర్యాద పాటించదు. గాస్కెట్ల కింద, బోల్టు తలల కింద నీరు కదలకుండా నిలిచే ఇరుకు సందుల్లో ఈ తతంగం మరింత సులువుగా మొదలవుతుంది.

అందుకే గ్రేడు ఎంపిక. అందరికీ తెలిసిన 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం చేరుతుంది. క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తోనూ నైట్రోజన్ శాతాన్ని 16తోనూ హెచ్చవేసి కలిపితే గుంటతుప్పును తట్టుకునే శక్తికి ఒక అంకె వస్తుంది. 304కు అది 18-20, 316కు సుమారు 24, 2205 అనే డ్యూప్లెక్స్ రకానికి 35 దాకా ఉంటుంది. వెచ్చని సముద్రపు నీటికి 40 దాటితే గాని ధైర్యం చెప్పలేం.

చల్లని నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడు వరకు 304, 1,000 వరకు 316 పనికొస్తాయన్నది వాడుకలో ఉన్న లెక్క. వేడి పెరిగితే ఈ హద్దులు దిగిపోతాయి. మన తాగునీటి ప్రమాణం క్లోరైడును 250 వరకు ఆమోదిస్తుంది, వేరే నీటివనరు లేనప్పుడు 1,000 వరకు అనుమతిస్తుంది. అంటే మనిషి తాగగలిగిన బోరు నీరు 304 ట్యాంకుకు పడకపోవచ్చు!

అలాగని ఖరీదైనదే మంచిదనుకుంటే పొరపాటు. గాఢ నైట్రిక్ ఆమ్లానికి 316 కంటే చవకైన 304ఎల్ మేలు, అక్కడ మాలిబ్డినం వల్ల ఒరిగేదేమీ లేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు రెండూ నిలవవు, దానికి రబ్బరు పూత వేసిన మామూలు ఉక్కు ట్యాంకే శరణ్యం. ఏ గ్రేడు మంచిదని అడిగేవారు ముందు చెప్పవలసింది లోపల ఏం పోస్తారు, ఎంత వేడిలో, ఎన్నాళ్లు నిలవుంచుతారు అన్నవే.

గుంట పడితే ట్యాంకు కారుతుంది. అంతకంటే ఘోరమైనది మరొకటుంది. స్విట్జర్లాండులోని ఉస్టర్ పట్టణంలో 1985 మే 9న ఒక ఈతకొలను భవనంలో కాంక్రీటు లోకప్పు కూలి 12 మంది చనిపోయారు. ఆ కప్పును 304కు సమానమైన స్టీలు కడ్డీలతో వేలాడదీశారు. కొలను నీటిలోని క్లోరిన్ సమ్మేళనాలు ఆవిరితో పైకి లేచి, ఎవరూ కడగని ఆ కడ్డీల మీద పేరుకున్నాయి. ఒకవైపు బరువు లాగుతుంటే మరోవైపు క్లోరైడు కొరుకుతూ వచ్చింది. ఈ రెండూ కలిస్తే లోహంలో సన్నని పగుళ్లు వేళ్లలా శాఖలు చాస్తూ లోపలికి పోతాయి. ఈ పగుళ్లు 60 డిగ్రీల సెల్సియస్ దాటితేనే వస్తాయని అప్పట్లో నమ్మేవారు. ఈతకొలనులో గాలి వేడి అందులో సగమే. ఆ కప్పు నిలిచింది 13 ఏళ్లు. ఇప్పుడు యూరప్‌లో అలాంటి చోట, కడగడానికి వీలులేని భారవాహక భాగాలకు 316ను కూడా ఒప్పుకోరు. 6 శాతం మాలిబ్డినం ఉన్న రకాల వంటి ఉన్నతశ్రేణి ఉక్కులే వాడాలి.

సరైన గ్రేడు కొని కూడా చేతులారా పాడుచేసుకోవచ్చు. వెల్డింగు చేసేటప్పుడు అతుకు పక్కన లోహం 450-850 డిగ్రీల మధ్య కాసేపు ఉంటే, కార్బన్ వెళ్లి క్రోమియంను పట్టుకుంటుంది. లోహపు రేణువుల అంచుల్లో క్రోమియం కరువై, తుప్పు ఆ దారినే పోతుంది. కార్బన్‌ను 0.03 శాతానికి మించనీయని 304ఎల్, 316ఎల్ రకాలు పుట్టింది ఇందుకే. వెల్డింగు పక్కన మిగిలే నీలిరంగు చారలు అందంగా కనిపిస్తాయి గాని, వాటిని ఆమ్లపు లేపనంతో తొలగించాలి. మైల్డ్ స్టీలు మీద వాడిన తీగబ్రష్షుతో రుద్దితే ఇనుప రజను అంటుకుని కొత్త ట్యాంకుకే తుప్పు మరకలు వస్తాయి. ఇంకో ముప్పు నీటి పరీక్ష. కారుతుందేమో చూడటానికి బోరు నీరు నింపి, తర్వాత అడుగున కొంత వదిలేస్తారు. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. ఉత్పత్తి మొదలవకముందే అడుగున చిల్లులు!

మన బజారులో స్టీలును అయస్కాంతంతో పరీక్షించడం అలవాటు. అంటుకోకపోతే మేలిరకమని నమ్మకం. నికెల్ తగ్గించి మాంగనీసు, నైట్రోజన్ కలిపిన 200 శ్రేణి స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. మన దేశంలో ఈ స్టీలు వాడకం చాలా ఎక్కువ. పాత్రలకు పనికొచ్చే కొన్ని చవక రకాల్లో క్రోమియం 16 శాతం దాటదు. మరోపక్క, 316ను మించిన డ్యూప్లెక్స్ స్టీలుకు అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది! మాలిబ్డినం ఉందో లేదో చెప్పే రసాయన చుక్కల పరీక్షలు ఉన్నాయి. క్రోమియం, నికెల్, మాలిబ్డినం వంటి మూలకాల శాతాన్ని కొన్ని సెకన్లలో చూపే చేతి ఎక్స్-రే పరికరాలూ వచ్చాయి. సరుకు దిగేటప్పుడే రేకు మీద ముద్రించిన హీట్ నంబరు, మిల్లు ఇచ్చిన పరీక్షపత్రం మీది నంబరుతో సరిపోతుందో లేదో చూసుకోవాలి. రేకులు కోసి, వంచి, అతికాక ఆ నంబరు మిగలదు.