ఈస్ట్రోజెన్ – ఎముకల బలము

అనంతపురం మెట్టచేలలో వేరుశనగ పీకు స్త్రీకి నడుము బలమే ఆధారము. ఎముకలు త్వరగా క్షీణింపకుండ కాపాడునది ఈస్ట్రోజెన్ అను హార్మోను. ఇది ముఖ్యముగా అండాశయములలో తయారగును.

ముట్లుడుగు వయస్సున, అనగా 45–50 ఏండ్ల ప్రాంతమున, ఇది సహజముగానే తగ్గును. తీవ్రమైన తిండి కొరత వలనను తగ్గవచ్చును. గర్భాశయముతోపాటు రెండు అండాశయములను తీసివేసినచో మాత్రము హఠాత్తుగా పడిపోవును. అప్పుడు ఒంట వేడి ఆవిరులు, నిద్రలేమి కలుగును, ఎముకలు పెళుసెక్కును. గర్భాశయమును మాత్రమే తీసినను, అండాశయములు కొంత ముందుగా ఉడుగవచ్చును.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. కావున శస్త్రచికిత్సకు ముందే, వేరు వైద్యము కలదా, అండాశయములను ఉంచవచ్చునా అని వైద్యుని అడుగుట మేలు.